చలికి బిగిసిన జిగురు

జిగురు కొట్టు, దిగువ వీధి
సోమవారం

వదినా,

డబ్బాలు ఈ బస్సుకే వేశాను. తలకిందులుగా పెట్టొద్దని డ్రైవరుకి ఒకటికి రెండుసార్లు చెప్పాను. తల ఊపాడు గానీ చూపు పక్కసీటు మీదుంది, కాబట్టి అందగానే మూతల దగ్గర కారిందేమో చూసుకో. బిల్లులు కొట్టే కంప్యూటర్లోనే ఈ ఉత్తరం టకటకా కొట్టేస్తున్నా, మధ్యలో గిరాకీ వస్తే మాట తెగిపోవచ్చు, ఏమనుకోకు. మీ కొండమీద ఫోనుకేమో రెండు మాటలకే గొంతు పట్టేస్తుంది. రెండు మాటలు నాకు పలకరింపుకే చాలవు.

రోడ్డు మేస్త్రీ తన గ్యాంగు బూట్ల పని మీకే ఇచ్చాడని విన్నప్పటి నుంచీ నాకు కాలు ఒకచోట నిలవట్లేదు. ముందు నమూనాకి కొన్ని జతలు, అవి చలికాలం తడి రోడ్డు మీద నిలబడితే గ్యాంగు మొత్తానికీ మీరే కుడతారు, నిలబడకపోతే వాళ్ళ ఆఫీసు ఇచ్చిన ఆ గది ఖాళీ చెయ్యాలి. అంతేగా? అంతే అయితే దిగులెందుకు. కుట్టేది అన్నయ్య, అతికేది నాన్న జిగురు.

నాన్న కొట్టిన మేకు గోడకి అలాగే ఉంది. నువ్వు ఈ ఇంట్లో ఉన్నది కొన్నాళ్ళే కాబట్టి చూశావో లేదో. మన జిగురు వేసిన చెప్పు సోలు ఊడి తిరిగొస్తే దాన్ని ఆ మేకుకి తగిలించేవాడు, అందరికీ కనపడేలా. ఎందుకు ఊడిందో తెలిసేదాకా దించేవాడు కాదు. గిరాకీలు చూస్తే పరువు పోతుందని అన్నయ్య మొత్తుకునేవాడు. పోనీరా, పోతేనే మళ్ళీ ఊడదు అనేవాడు నాన్న. ఇప్పుడది ఖాళీ. నా సంచీ తగిలిస్తున్నా.

సోల్సు కొనడానికి ఎవరో వచ్చారు. ఉంటా.

నీ ఆడపడుచు


కొండమీద, బూట్ల గది

మరదలా,

నీ డబ్బాలు కారలేదు. కారే స్థితిలో ఉంటే కదా. మూత తీసి బ్రష్షు ముంచబోతే దిగలేదు, గుచ్చితే జెండా కర్రలా నిలబడింది. వంచితే కదలదు, తీస్తే ముద్దగా ఊడొస్తుంది. ఇక్కడ పొద్దున్నే నీళ్ళ బకెట్టు మీద సన్నగా అద్దం తేలుతోంది. నీళ్ళకే దిక్కు లేదు, నీ జిగురెంత.

రెండో డబ్బాలో స్పిరిట్ పోసి తిప్పాను, పలచబడుతుందని. పాలు విరిగినట్టు విరిగింది. పైన తేట, కింద రబ్బరు ముద్ద. ఇంకాస్త పోస్తే ఇంకా విరిగింది. జిగురు వండే ఇంట్లో పుట్టలేదు కదా నీకేం తెలుసు అని నువ్వు అనబోతున్నావని నాకు తెలుసు, కాబట్టి అనకు.

ఆడపడుచు పంపిన సరుకు కాబట్టి నెమ్మదిగా రాస్తున్నాను. బయటివాళ్ళదైతే డబ్బా బస్సెక్కి వెనక్కి వచ్చేది. నమూనా జతలకి తోలు కోసి పెట్టుకుని కూర్చున్నాం. మేస్త్రీ రోజూ గుమ్మంలోంచి తొంగి చూసి దగ్గుతున్నాడు.

మీ అన్నయ్య బావున్నాడు. పనిలో ఉన్నాడు.

వదిన


జిగురు కొట్టు, దిగువ వీధి

వదినా,

అననులే. నవ్వాను మాత్రం, పక్క కొట్టు చేపలాయన ఏమైందమ్మా అని అడిగేంతగా.

చూడు, ముందు ఆ స్పిరిట్ సంగతి. మన జిగురులో పోసేది ఒక్క ద్రవం కాదు, రెండు. విడివిడిగా పోస్తే ఏదీ రబ్బరుని కరిగించదు. ఏ ఒక్కదాంట్లో వేసినా రబ్బరు ఉబ్బి, మూతి ముడుచుకుని కూర్చుంటుంది. రెండూ కలిపి పోస్తే హాయిగా కరిగిపోతుంది. నీ పెళ్ళయిన కొత్తలో నాన్న ఇదే అనేవాడు: కోడలొక్కదానితో వేగలేను, కూతురొక్కదానితో వేగలేను, ఇద్దరూ ఒక గదిలో ఉంటే మాత్రం ఇల్లు సాఫీగా నడుస్తుంది అని. నువ్వేమో మూడోదాన్ని తెచ్చి పోశావు. స్పిరిట్ రబ్బరుకి గిట్టదు. గిట్టనిది ఎక్కువయ్యేకొద్దీ రబ్బరు ద్రవాన్ని వదిలేసి తనలో తాను ముద్దయిపోతుంది. అందుకే తేట పైకి, ముద్ద కిందకి. ఆ డబ్బా మీద ఆశ వదులుకో.

బిగిసిన డబ్బా మాత్రం పారెయ్యకు. అది పాడవలేదు. రబ్బరంటే పొడుగాటి పోగులనుకో. వెచ్చగా ఉన్నప్పుడు చిక్కుపడ్డ దారపుండలా అటూ ఇటూ ఆడుతుంటాయి. చలి తగిలితే కొన్ని పక్కపక్కన సర్దుకుని బిగుసుకుంటాయి, పంచదార పాకం పలుకు కట్టినట్టు. ఆ పలుకులు మధ్య మధ్యలో పోగుల్ని పట్టేసుకుంటే డబ్బా మొత్తం ముద్ద. చలికి కొబ్బరినూనె గడ్డకడితే పారేస్తామా? వెచ్చబెడితే చాలు, పలుకు కరిగి మళ్ళీ జారుతుంది. అన్నయ్యకి తెలుసు. ఇక్కడ ముసురు పట్టినప్పుడల్లా వాడూ నేనూ చేసిన పనే. అడుగు.

అవునూ, నీ ఉత్తరాల అడుగున ఎప్పుడూ వాడు కోడి కెలికినట్టు ఒక ముక్క రాసేవాడు. ఈసారి లేదేం? రోడ్డు బూట్లు రాగానే చెల్లెలికి రాసే తీరిక పోయిందా?


కొండమీద, బూట్ల గది

మరదలా,

వెచ్చబెట్టడం ఇక్కడ కుదరదు. ఎందుకని అడక్కు. కుదరదంటే కుదరదు.

వెచ్చబెట్టక్కర్లేని జిగురు ఉంటే పంపు. చలిలో మూత తియ్యగానే బ్రష్షుకి రావాలి. చెయ్యలేనంటే అదైనా చెప్పు, కంపెనీ డబ్బాలు తెప్పించుకుంటాం. నాకు మీ నాన్నగారి జిగురంటే గౌరవమే. కానీ మేస్త్రీ గౌరవం తొడుక్కుని రోడ్డు మీద నడవడు.

మీ అన్నయ్య బూట్లు కుట్టే చెక్క అచ్చులు సర్దుతున్నాడు. రాస్తాడులే.

వదిన


జిగురు కొట్టు, దిగువ వీధి

వదినా,

కంపెనీ డబ్బాలా? ఆ మాట చదివి, ముందు నీ మీద కోపమొచ్చి, తర్వాత నా మీద కోపమొచ్చి, ఆ కోపంతోనే రబ్బరు సరుకిచ్చే పెద్దాయన గోడౌనుకి పోయాను. అడిగితే తెలిసింది, రబ్బరులోనే రకాలున్నాయట. మనం వాడేది త్వరగా పలుకు కట్టే రకం. అసలు కట్టీకట్టనట్టు, చాలా నెమ్మదిగా కట్టే రకం ఇంకోటుంది. పోగుల్లో అక్కడక్కడ వంకరలు ఎక్కువట, పక్కపక్కన సర్దుకోవడం రాదు. మన బంధువుల్లో కొందర్లాగా.

దాంతో జిగురు వండాను. మీ చలి నాకెక్కడ దొరుకుతుంది? చేపలాయన ఐసు పెట్టె అడిగాను. మొదట ఒప్పుకోలేదు, చేపకి రబ్బరు వాసన పడితే ఎవరు కొంటారన్నాడు. నీ చేప వాసన నా జిగురుకి పడితే బూట్ల వెంట పిల్లులు పడతాయి, నష్టం నాకే ఎక్కువ అన్నాను. మూతకి మైనం పూసి పెట్టనిచ్చాడు. ఒక డబ్బా పాతది, ఒకటి కొత్తది. మర్నాడు తీస్తే పాతది రాయి. కొత్తది తేనెలా జారింది. చేపలాయనే బ్రష్షు ముంచి తీసి, అబ్బో అన్నాడు.

ఈ బస్సుకే వేశా. ఇక మేస్త్రీని దగ్గమను.

అన్నయ్య రాయలేదు. లెక్కపెట్టుకుంటున్నా.


కొండమీద, బూట్ల గది

మరదలా,

నిన్ను తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మూత తీశాను, జారింది. కిటికీ తెరిచి, శాలువా కప్పుకుని, చేతులు కొంకర్లు పోతున్నా జిగురు మాత్రం పట్టులా పరుచుకుంది. నమూనా జతలన్నీ అతికేశాం. మేస్త్రీ తన జత అక్కడే తొడుక్కుని గదిలో అటూ ఇటూ నడిచి, ఎవరికీ చూపించకుండా కొంచెం గెంతాడు కూడా. ఈ ఉత్తరం రేపటి బస్సుకి వేస్తా.

వెయ్యలేదు. బస్సు పోయింది, అది పోయిన తర్వాత రెండు బస్సులు పోయాయి. ఇప్పుడు మిగతాది రాస్తున్నా.

సోల్సు ఊడాయి. ఒక్కసారిగా కాదు, రోజూ కాస్త కాస్త జారి, బొటనవేలి దగ్గర నోరు తెరిచాయి. మేస్త్రీ కాలు ఎత్తి గుమ్మంలో చూపించాడు, మొసలి ఆవులించినట్టుంది. తిట్టలేదు. తిడితే బావుండేది. తోలు పని బావుందమ్మా, అతుకే అన్నాడు. నేల గట్టిగా గడ్డకట్టేలోపు నిలబడే జత ఒకటి చూపించండి, లేకపోతే గది తాళం ఆఫీసులో ఇచ్చెయ్యండి అన్నాడు. ఊడినవాటిలో తన బూటు ఒకటి నా చేతిలో పెట్టి, పాత చెప్పులేసుకుని పోయాడు.

నమ్మినందుకు నా చెంపలు నేనే వేసుకోవాలి. మీ అన్నయ్య ఒంటి చేత్తో అచ్చు అదిమి పట్టుకుని, నేను సుత్తితో కొట్టి కొట్టి, ఇంత చేస్తే ఇదీ ఫలితం. బూటు పంపుతున్నాను. చూసుకో.

వదిన


జిగురు కొట్టు, దిగువ వీధి

వదినా,

నా సంచీ తీసేసి మేస్త్రీ బూటుని మేకుకి తగిలించా. వచ్చినవాళ్ళందరూ అడుగుతున్నారు, నా జిగురే, ఊడింది అని చెప్తున్నా. నాన్న ఎందుకు తగిలించేవాడో ఇప్పుడు అర్థమైంది. అది ఎదురుగా వేలాడుతుంటే కాఫీ కూడా దిగదు.

ఎందుకు ఊడిందో తెలిసింది. తోలు ముక్కకి సోలు ముక్క అతికించి, కింద ఇటుక కట్టి, చేపలాయన ఐసు పెట్టెలో వేలాడదీశా. ఒకటి పాత జిగురు, ఒకటి కొత్తది. పాతదాని ఇటుక అలాగే ఉంది. కొత్తదాని ఇటుక మెల్లగా, సిగ్గుపడుతున్నట్టు జారి జారి చేపల మీద కూర్చుంది.

తప్పు నాదే. నేను డబ్బాని పరీక్ష చేశాను గానీ అతుకుని చెయ్యలేదు. డబ్బాలో పలుకు కడితే తిట్టుకుంటున్నాం కదా, ఆ పలుకే వదినా పట్టు. తోలుకీ సోలుకీ మధ్య ద్రవం ఎగిరిపోయాక, మిగిలిన రబ్బరు పోగులు పలుకు కట్టి బిగుస్తాయి. అప్పుడే బూటు నిలబడేది. డబ్బాలో కట్టకూడదని నేను పలుకు కట్టని రబ్బరు తెచ్చా. అది డబ్బాలో కట్టలేదు, బూటులోనూ కట్టలేదు. పట్టునే తీసేసి జిగురని పంపా.

కాబట్టి పాత రబ్బరే. డబ్బాలో బిగుస్తుంది, దాన్ని వెచ్చబెట్టాల్సిందే. వేరే దారి లేదు. ఇది చెప్పాక ఇంకో సంగతి.

ఒంటి చేత్తో అంటే ఏంటి?

నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివా. వెచ్చబెట్టడం కుదరదన్నావు, ఎందుకో చెప్పవు. వాడు ఒక్క ముక్క రాయడు. అచ్చు పట్టుకోవడానికి ఎప్పుడైనా వాడికి ఒక చెయ్యి సరిపోయిందా? నువ్వు సుత్తి పట్టావంటే వాడి చేతికేమైంది?

జవాబు వచ్చేదాకా ఇక్కణ్ణుంచి డబ్బా కదలదు. బెదిరింపే అనుకో.


కొండమీద, బూట్ల గది

మరదలా,

చెప్పొద్దని మీ అన్నయ్య నాతో మాట తీసుకున్నాడు. ఆ మాట తప్పుతున్నాను. తను ఎదురుగానే కూర్చుని నేను రాస్తుంటే చూస్తున్నాడు, ఆపట్లేదు.

నువ్వు పంపిన మొదటి డబ్బాల్లో ఒకటి అలా బిగిసి ఉంటే, మా నాన్న ఇలాగే చేసేవాడు అని పొయ్యి మీద పెట్టాడు. నీళ్ళలో కాదు. నేరుగా. మేస్త్రీ సాయంత్రం వస్తానన్నాడు, నీళ్ళు కాగేదాకా ఎవరు ఆగుతారని. మూత ఎగిరింది, ఆవిరికి మంట అంటుకుంది, నేలంతా పాకింది. గోడ పక్కనే తోలు, థిన్నరు సీసాలు. తను మండుతున్న డబ్బాని కుడిచేత్తో పట్టుకుని పెరట్లోకి విసిరేశాడు. గది మిగిలింది. చెయ్యి కాలింది, మణికట్టు దాకా.

మానుతోంది. వేళ్ళు కదుపుతున్నాడు, ముడవలేడు. కత్తి పట్టలేడు. తను పక్కన కూర్చుని చెప్తుంటే నేను కోశాను, నేను అతికాను. మొదటి జత కోసినప్పుడు తను నవ్వాడు, రెండోది కోసినప్పుడు నవ్వలేదు, అదే నాకు మెప్పు.

నీకెందుకు చెప్పొద్దన్నాడంటే, అది తెలిస్తే నువ్వు జిగురు వండటం మానేస్తావట. నాన్న పోయాక ఆ పొయ్యి నువ్వొక్కదానివే నిలబెట్టావు, నా చెయ్యి వల్ల ఆరిపోకూడదు అన్నాడు. అందుకే ఈ గదిలో ఇక వేడి మాట వద్దనుకున్నాం. అందుకే స్పిరిట్ పోశాను. అందుకే నిన్ను వెచ్చబెట్టక్కర్లేని జిగురు అడిగాను. నేను దాచకపోతే నువ్వు ఆ రబ్బరు జోలికే పోయేదానివి కాదు. ఊడిన బూట్లలో సగం తప్పు నాది.

నేల ఇంకా గట్టిపడలేదు. రోజూ పొద్దున్నే మడమతో తొక్కి చూస్తున్నాను.

వదిన


జిగురు కొట్టు, దిగువ వీధి

వదినా,

కొట్టు తలుపు వేసుకుని కాసేపు కూర్చున్నా. తర్వాత తీశా. ఏడవడం తర్వాత, నేల గట్టిపడుతోంది.

ముందు అన్నయ్యకి, గట్టిగా చదివి వినిపించు: ఒరే, నీ చెయ్యి కాలింది నా జిగురు వల్ల కాదు, నీ తొందర వల్ల. నాన్న ఏనాడైనా డబ్బాని మంట మీద పెట్టాడా? నేను వండటం మానను. నువ్వు కుట్టడం మానకు.

ఇక పని. పాత రబ్బరుతో వండిన జిగురు ఈ బస్సులో ఉంది. దాంతోపాటు ఒక చెక్కపెట్టె, లోపల రంపపు పొట్టు కుక్కి మధ్యలో బకెట్టు దిగేంత గుంట చేయించా. నీళ్ళు ఇంటి వంటింట్లో కాచు, గదిలో కాదు. మీ ఇంటికీ ఆ గదికీ మధ్య పెరడుంది కదా, ఆ పెరడే మనకి కాపలా. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత వేడి చాలు. బకెట్టు మోసుకొచ్చి పెట్టెలో దింపి, మూత కొంచెం వదులు చేసిన డబ్బాని అందులో కూర్చోబెట్టు. కిటికీ తీసి ఉంచు. పొట్టు వేడిని పట్టుకుంటుంది. కాసేపటికి పలుకు కరిగి జారుతుంది. మంట ఆ గుమ్మం దాటి రావక్కర్లేదు.

తోలుకి పూయి, సోలుకి పూయి. వేలికి అంటుకోనంతగా ఆరనివ్వు. మీ చలికి ఆ పొర పైనే పలుకు కట్టేస్తుంది, అప్పుడు అదిమినా లాభం లేదు. అటు పోగులు అటే, ఇటు పోగులు ఇటే, ఎవరి బిగువు వాళ్ళదే అన్నట్టుంటాయి. నువ్వూ నేనూ ఈ మధ్య రాసుకున్న ఉత్తరాల్లాగా. కాబట్టి చదునైన రేకు డబ్బాలో వేడినీళ్ళు పోసి మూత బిగించి, ఆ రెండు పొరల మీదా ఇస్త్రీ చేసినట్టు తిప్పు. ద్రవం అప్పటికే ఎగిరిపోయి ఉంటుంది, భయం లేదు. పొర మెత్తబడి మెరుస్తుంది. మెరవగానే కలిపి అదుము, కొట్టు, వదిలెయ్యి. కలిశాక చల్లారితే కలిసే బిగుస్తాయి. అప్పుడు మీ చలే మనకి పనిమనిషి.

ఈసారి డబ్బా ఒక్కటే కాదు, అతుకునీ ఐసులో పెట్టి చూశా. ఇటుక ఒకటి కాదు, రెండు కట్టా. తాడు తెగింది. చేపలాయన ఇక నీ సరుకు ఇక్కడికి తేవద్దన్నాడు.


కొండమీద, బూట్ల గది

మరదలా,

నీళ్ళు కాచాను, మోశాను. సగం పెరట్లో ఒలికింది, మళ్ళీ కాచాను. బకెట్టు గది గుమ్మం దాటుతుంటే మీ అన్నయ్య లేచి గోడకి ఆనుకున్నాడు. వేడినీళ్ళేనని తెలిసినా. డబ్బా జారేసరికి దగ్గరకొచ్చి కూర్చున్నాడు. పొర మెరిసింది చూడు అని తనే అన్నాడు. తోలు మీద సోలు పెట్టి నేను కొడుతుంటే, కాలిన చేతి మోచేత్తోనే అచ్చుని అదిమాడు. వద్దన్నాను. వినలేదు.

మేస్త్రీకి తన కొలత జత, గ్యాంగులో ఇంకొకరికి ఒక జత ఇచ్చాం. నేల గట్టిపడింది, మంచు పడింది, కరిగింది, మళ్ళీ పడింది. నేను గుమ్మం వైపు చూడటం మానేశాను.

నిన్న మేస్త్రీ వచ్చాడు. బూటు విప్పి బల్ల మీద పెట్టి, మా పట్టకారే తీసుకుని, బొటనవేలి దగ్గర సోలు పట్టి రెండు చేతులా లాగాడు. మోకాలు ఆనించి లాగాడు. తోలు చిరిగింది. అతుకు ఊడలేదు. చిరిగిన తోలుని అటూ ఇటూ తిప్పి చూసి, గ్యాంగు మొత్తానికి కొలతలు ఎప్పుడు తీసుకుంటారన్నాడు. చేతికొచ్చిన జతని చింపుకున్నావు కదయ్యా అంటే, అందుకే ముందు నాది కుట్టండి అన్నాడు.

వదిన

కింద ఈ వంకర అక్షరాలు మీ అన్నయ్య ఎడమ చేతివి. నేను సాయం పట్టలేదు.

చెల్లీ. ఆ మేకు మీద ఉన్నది మేస్త్రీ పాత జతలో ఎడమ కాలిది. ఎందుకు ఊడిందో తెలిసింది కదా, దించు. పంపు. నేనే అతుకుతా.


జిగురు కొట్టు, దిగువ వీధి

అన్నయ్యా, వదినా,

దించా. దుమ్ము దులిపి సంచీలో పెట్టా. బస్సులో పంపను, నేనే తెస్తున్నా. ఆ డ్రైవరు పక్కసీటు ఖాళీయే ఉందట. కొట్టుకి తాళం వేసి తాళంచెవి చేపలాయనకిచ్చా, నేను లేకపోతే ఐసు పెట్టెకి ప్రశాంతత అని సంతోషంగా తీసుకున్నాడు.

అన్నయ్యా, గుడ్డ చుట్టి దాచకు. ఆ చెయ్యి నేను చూడాలి. చూశాక నాలుగు తిడతా, ఎదురు చెప్పకు.

వదినా, బస్సు దిగేసరికి నీళ్ళు కాచి ఉంచు. పొయ్యి మాత్రం పెరటికి అవతలే.